యంత్రం చదవని వరుసలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కంప్యూటర్లు నాకు ఎన్నో తప్పులు చూపించాయి. వాటిలో మొట్టమొదటిది, నేను దేవుణ్ని తలుచుకున్నందుకు చూపించిన తప్పు. మా అక్క మనవరాలూ, ఆమెతో కంప్యూటర్ చదివే పిల్లలూ సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్తే, కడుపు పట్టుకుని నవ్వి, రాసి పెట్టమన్నారు. అందుకే రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా నాన్న సంగారెడ్డిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల కింద కూర్చుని దస్తావేజులు రాసేవారు. ఐదో తరగతి అయ్యాక నన్ను దూరపు బడికి పంపడం ఆయనకు ఇష్టం లేకపోయింది. మిగిలిన చదువంతా ఇంట్లో ఆయనే చెప్పారు. తెలుగు, లెక్కలు, కొంత ఉర్దూ, దస్తావేజులకు సరిపడా ఇంగ్లీషు, చివరికి టైపు కూడా ఆయన పాత మిషను మీదే నేర్చుకున్నాను. ఆయన నేర్పినవాటిలో రెండు అలవాట్లు నా వేళ్లను పట్టుకుని వదల్లేదు. ఏ కాగితమైనా పైన శ్రీ అని పెట్టి మొదలుపెట్టాలి. ఏ మనిషి పేరు రాసినా పక్కన తండ్రి పేరు రాయాలి. తండ్రి పేరు లేని కాగితం ఎవరిదైనా కావచ్చు అనేవారు నాన్న.

ఎనభైల నడుమ పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో నేను తాత్కాలిక టైపిస్టుని. మూడు నెలలకోసారి తీసేసి, మర్నాడు మళ్లీ పెట్టుకునేవారు. పర్మనెంట్ చేయమని అర్జీ పెడితే పర్సనెల్ ఆఫీసరు దాన్ని వెనక్కి తిప్పి చూశాడు, సర్టిఫికెట్ ఏమైనా వెనుక అతికించానేమోనని. ఇంట్లో చదువుకున్నాను సార్ అన్నాను.

"మీ ఇల్లు ఏ బోర్డు కిందికి వస్తదమ్మా?" అన్నాడు.

వెటకారమే. ఆయన మంచివాడే. ఆయన దగ్గరున్న ఫారంలో చదువు అనే గడి ఒకటి ఉంది, అందులో నాన్న పేరు పట్టదు.

అదే ఏడు మా ఫ్యాక్టరీలో మీటర్లు, గేజీలు చూసుకునే ఇంజినీరు సార్‌కి, కువైట్‌లో ఉన్న ఆయన బామ్మర్ది ఒక కంప్యూటర్ తెచ్చిచ్చాడు. ఇప్పటి పిల్లలు ఊహించుకునేది కాదు. అది వట్టి కీబోర్డు. దాన్ని టీవీకి తగిలించాలి, రాసింది దాచుకోవాలంటే టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి ఎక్కించాలి. సార్ ఇంట్లో టీవీ ఉంది కానీ దాని ముందు వాళ్ల అత్తగారు ఉన్నారు. ఆదివారం అత్తగారిని లేపి టీవీ తీసుకునే ధైర్యం సార్‌కి లేదు. మా కంప్యూటర్ సంఘం పుట్టింది విజ్ఞానం కోసం అని మీరు ఎక్కడైనా చదివితే నమ్మకండి. టీవీ దొరక్క పుట్టింది.

టీవీ ఇచ్చింది సంగారెడ్డిలో రేడియోలు బాగుచేసే భాయ్. చెడిపోయిన మూడు టీవీలు విప్పి ఒక్కటి చేశాడు. దానికి పై మూత లేదు. బొమ్మ కొంచెం ఎడమకు ఒరిగి ఉండేది, మేమూ ఒరిగి కూర్చునేవాళ్లం. గది ఇప్పించింది పోతిరెడ్డిపల్లిలో చర్చి బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. పొద్దున సండే స్కూల్ జరిగే గది, మధ్యాహ్నం మాది. చిన్నపిల్లల బల్లలు కావడంతో మోకాళ్లు గడ్డానికి తగిలేవి. మా ఫ్యాక్టరీ బస్సులు చూసే ట్రాన్స్‌పోర్ట్ క్లర్కు కూడా చేరాడు. కంప్యూటర్ అంటే జనరల్ మేనేజర్ గారికి ఆసక్తి అని ఎవరో ఆయనకు చెప్పారు. జీఎం గారికి దోసకాయలంటే ఆసక్తి అని చెప్పి ఉంటే పాదు పెట్టేవాడు.

నన్ను పిలిచింది టైపు కోసం. ఇంజినీరు సార్ ఒక్క వేలితో, సంతలో బెండకాయలు ఏరే మనిషిలా ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆలోచించి కొట్టేవారు. ఆయన రాసుకొచ్చిన ఒక పేజీ ఎక్కేలోపు సాయంత్రం ప్రార్థన గంట మోగేది. నేనైతే చూడకుండా కొట్టేస్తాను.

మొదటి ఆదివారం అందరూ నా వెనుక నిలబడ్డారు. నేను దండం పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టాను. యంత్రం వెంటనే కింద రాసింది: మిస్టేక్.

రెండు చెంపలూ వేసుకున్నాను. టీచరమ్మ నా భుజం మీద చేయి వేసింది. భాయ్ ముందుకు వంగి తన పేరు కొట్టాడు. దానికీ మిస్టేకే. ఇంజినీరు సార్ పేరుకూ, టీచరమ్మ పేరుకూ అదే జవాబు.

"ఫికర్ చెయ్యకు చెల్లె," అన్నాడు భాయ్. "దీని లెక్కల మనమందరం మిస్టేకే."

క్లర్కు మాత్రం ఎంత బతిమాలినా జీఎం గారి పేరు కొట్టనివ్వలేదు. ఏమంటుందో ఏమో అని ఆయన భయం.

ఇంజినీరు సార్ పుస్తకం తిరగేసి దారి కనిపెట్టారు. వరుస మొదట్లో ఇంగ్లీషులో రెమ్ అని మూడక్షరాలు పెడితే, ఆ వరుసలో ఏమున్నా యంత్రం చదవకుండా దాటిపోతుంది. అది మనుషులు గుర్తు కోసం రాసుకునే వరుస. నాకు ప్రాణం లేచొచ్చింది. చదవకపోతే చదవకపోయింది, పైన ఉంటే చాలు. మొదటి వరుసలో రెమ్ పెట్టి శ్రీ రాశాను. యంత్రం నోరు మూసుకుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. నాకు ఒక జబ్బుంది. ఎవరు ఏ మేలు చేసినా దాన్ని ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నిద్ర పట్టదు. శ్రీ కింద, కంప్యూటర్ ఇచ్చిన ఇంజినీరు సార్‌కు ధన్యవాదాలు అని ఒక వరుస రాశాను, తండ్రి పేరుతో సహా. భాయ్ చూసి, తనకు బిస్మిల్లాకు గుర్తుగా ఏడు ఎనిమిది ఆరు అని మూడంకెలు పెడితే చాలన్నాడు. టీచరమ్మ ప్రభువుకు స్తోత్రం అని ఒక వరుస అడిగింది. టీవీ ఇచ్చిన భాయ్‌కీ, గది ఇప్పించిన టీచరమ్మకూ నేను వేరే వరుసలు కలిపాను. ఆ తర్వాత వారం ఇంజినీరు సార్ భార్య వేడి సర్వపిండి పంపింది. పిండి తిని పేరు రాయకపోవడం ఎలా? ఆమె పేరు రాశాక, కువైట్‌లో యంత్రం కొన్నది తన కొడుకైతే తన పేరు లేదేమని సార్ అత్తగారు అడిగారట. అత్తగారికి మూడు వరుసలు ఇవ్వాల్సి వచ్చింది.

క్లర్కు ఒక కాగితం రాసుకొచ్చాడు. జీఎం గారి ఆశీస్సులతో అని మొదలై, ఆయన డిగ్రీలు, ఆయన చదివిన ఊళ్లు, ఆయన శ్రీమతి గారు, ఇద్దరు పిల్లలు, మొత్తం పన్నెండు వరుసలు. జీఎం గారు అప్పటికి మా గది మొహం కూడా చూడలేదు.

రెండు నెలల్లో మా ప్రోగ్రాం పెళ్లి పత్రికలా తయారైంది. తమ పేరు టీవీలో చూసుకోవడానికి జనం వచ్చేవారు. లిస్ట్ అని కొడితే వరుసలన్నీ కింది నుంచి పైకి పరుగెత్తేవి. ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చేది చర్చి కాపలా తాత. గది తాళం తీసేది ఆయనే కాబట్టి ఆయనకూ ఒక వరుస ఉంది. చదువు రాదు. ఏది బిడ్డా నాది అని అడిగేవాడు. వరుస కనబడగానే నేను టీవీ మీద వేలు పెట్టి చూపించేదాన్ని. తాత తన వేలు కూడా దాని మీద పెట్టి, అది పైకి పోతుంటే వేలితో వెంటబడి, టీవీ అంచు దాటాక కాసేపు పైకప్పు వంక చూసేవాడు.

ఇంతకీ ఆ ప్రోగ్రాం చేసే పనేమిటో చెప్పలేదు. మా ఫ్యాక్టరీలో షిఫ్టులు వారం వారం మారేవి. ఎవరు ఏ బస్సు ఎక్కాలో తెలియక సోమవారం గేటు దగ్గర తిరునాళ్లే. లక్డారం వాళ్లు సంగారెడ్డి బస్సెక్కి తెల్లమొహం వేసేవారు. అందుకని ఇంజినీరు సార్, పనివాడి టోకెన్ నంబరు కొడితే ఆ మనిషి పేరు, బస్సు, ఎక్కే చోటు చెప్పే ప్రోగ్రాం రాశారు. రెండు వందల మంది పైచిలుకు పేర్లను నేను ఎక్కించాను. ప్రతి పేరు పక్కనా తండ్రి పేరుతో. సార్ అక్కర్లేదన్నారు. నా వేళ్లు వినలేదు.

క్లర్కు దీన్ని జీఎం గారి చెవిన వేశాడు. ఒక సోమవారం నా టైపు మిషను దగ్గరకు వచ్చి, చుట్టూ చూసి, కబురు చెప్పాడు. వచ్చే ఆదివారం మూడు గంటలకు జీఎం గారు గదికి వస్తారు. ఏ టోకెన్ నంబరు కొట్టినా యంత్రం సరిగ్గా చెప్తే, ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్ పెట్టి, టైపు చేసిన మనిషినే ఆపరేటరుగా పర్మనెంట్ చేస్తారు, సర్టిఫికెట్ అడగరు. చెప్పకపోతే అది ఆటబొమ్మ అనుకుని మర్చిపోతారు.

ఆ వారమంతా పొద్దున దీపం పెట్టినప్పుడు ఉద్యోగం ఇప్పించమని దేవుణ్ని అడుగుదామని కూర్చునేదాన్ని. ఇచ్చినవి ఇన్ని ఉండగా ఇంకోటి అడగడానికి సిగ్గేసి, వాటికే దండం పెట్టి లేచేదాన్ని. అడగకపోయినా ఆయనకు తెలుసుననే ధీమా లోపల ఉండేది, అది వేరే విషయం.

ఆదివారం పన్నెండింటికే అందరం చేరాం. తాత తలకు కొత్త రుమాలు చుట్టుకొచ్చాడు, తన పేరు పెద్ద సారు చూస్తాడని. ప్రోగ్రాం క్యాసెట్ నుంచి ఎక్కింది, బాగా నడిచింది. సరిగ్గా రెండింటికి క్లర్కు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చేతిలో జాబితా. రేపటి నుంచి కాజీపల్లికి కొత్త బస్సు వేస్తున్నారట. నలభై రెండు మంది. ఆ బస్సు జీఎం గారు పట్టుబట్టి వేయించింది కాబట్టి మొదట దాని గురించే అడుగుతారు.

నలభై రెండు పేర్లు నాకు ఎంత పని? టీచరమ్మ హాజరు పిలిచినట్టు చదువుతుంటే నేను కొడుతూ పోయాను. పదకొండో మనిషి దగ్గర యంత్రం ఆగింది. నో రూమ్, అంటే చోటు లేదు అని రాసింది.

"మా క్రిస్మస్ నాటకంల మరియమ్మకు జాగ లేదన్న సత్రమాయన మాట చెప్తున్నది," అంది టీచరమ్మ.

ఇంజినీరు సార్ ముఖం మాత్రం పాలిపోయింది. ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకం ఎంత, ఇప్పుడు మీ జేబులో ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో కూడా పట్టదు. అది నిండిపోయింది. చదవకుండా దాటిపోయే వరుసలు కూడా చోటు మాత్రం తింటాయని, సార్‌కు తెలిసినా, సర్వపిండి మొహమాటంలో ఎప్పుడూ చెప్పలేదు.

మొదట సార్ ఒక ఉపాయం చెప్పారు. పనివాళ్ల తండ్రుల పేర్లు తీసేస్తే కావలసినంత చోటు వస్తుంది. నేను జాబితా చూపించాను. కాజీపల్లి వాళ్లలోనే ఒకే పేరు గలవాళ్లు నలుగురు, ఇద్దరి ఇంటిపేర్లు కూడా ఒకటే. తండ్రి పేరు లేకపోతే ఎవరు ఎవరో యంత్రానికీ తెలియదు, బస్సుకూ తెలియదు. కాబట్టి పోవలసింది ధన్యవాదాలే.

దేవుళ్లు ముందు లేచారు. శ్రీ నేను తీశాను. టీచరమ్మ తన స్తోత్రం తీసేయమంది. భాయ్ తన మూడంకెలూ తీయమని, "గంతల ఎంత జాగొస్తది చెల్లె, ఆరు వరుసలు అడిగినా బాగుండేది," అన్నాడు. అందరు దేవుళ్లూ కలిసి లేచినా ఒక్క పనివాడికి కూడా చోటు రాలేదు.

ఇక మనుషుల వంతు. భాయ్, టీచరమ్మ తమ వరుసలు వెంటనే ఇచ్చేశారు. ఇంజినీరు సార్ తనది ఇచ్చారు, భార్యది కూడా ఇచ్చారు. అత్తగారి మూడు వరుసల దగ్గర ఆగిపోయారు. ఆమె ప్రతి పండక్కీ వచ్చి చూసుకుంటుందట. క్లర్కు తన పన్నెండు వరుసల మీద చేయి వేసి, టీవీ ముందు గోడలా నిలబడ్డాడు.

"సార్ పేరు తీస్తే నా నౌకరీ పోతది. తాతది తియ్యి," అన్నాడు.

"సార్‌ది తియ్యకుంటే మా చెల్లె నౌకరీ పోతది," అన్నాడు భాయ్.

"అన్నా, అది ఎట్లయినా యంత్రం చదవదు. ప్రోగ్రాం నడిస్తే సార్‌కి కనబడదు కూడా," అన్నాను నేను.

"కనబడకపోతే ఏమాయె, ఉన్నదని నాకు తెలుసు గద," అన్నాడు క్లర్కు.

నా శ్రీ కూడా అంతే కదా.

ఇంతలో బయట కారు ఆగిన చప్పుడు. మూడుకు ఇంకా పది నిమిషాలుంది. పెద్దవాళ్లు ముందుగా రావడం నేను చూసింది అదొక్కసారే.

"అన్నా, సార్‌ను జెరసేపు బయట నిలబెట్టు. నేను ఏదో ఒకటి చేస్త," అన్నాను క్లర్కుతో.

ఆయన ఉరికాడు. నేను అబద్ధం చెప్పలేదు. ఏదో ఒకటి చేస్తానన్నాను, చేశాను.

ఒక్కో వరుసా తీయడానికి మనసూ ఒప్పదు, సమయమూ లేదు. ధన్యవాదాలన్నీ ఉన్న పై భాగాన్ని, మొదటి వరుస నుంచి తొంభై తొమ్మిదో వరుస దాకా, ఒక్క దెబ్బతో తీసేసే ఆజ్ఞ కొట్టాను. చివరి మీట నొక్కే ముందు తలెత్తితే గుమ్మంలో తాత కనిపించాడు, కొత్త రుమాలుతో. కళ్లు మూసుకుని నొక్కాను. అత్తగారూ, జీఎం గారూ, తాతా అందరూ ఒకేసారి పోయారు. టీచరమ్మ మళ్లీ హాజరు అందుకుంది. భాయ్ ఫ్యూజు పెట్టె దగ్గరకు పోయి రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడ్డాడు. క్యాసెట్‌లోకి ఎక్కించుకునే వ్యవధి లేదు, కరెంటు పోతే ఇప్పుడు కొట్టినవన్నీ పోతాయి. చేతులు పెడితే కరెంటు ఎలా పోకుండా ఉంటుందో ఆయన్ని ఎవరూ అడగలేదు. పోలేదన్నది మాత్రం నిజం.

బయట క్లర్కు చేసిన ఘనకార్యం తర్వాత తెలిసింది. జీఎం గారికి చర్చి గంట చూపించాడట. బొప్పాయి చెట్టు చూపించి, ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టించాడట. బావి లోతు తెలియడానికి రాళ్లు వేసి వినిపించాడట, మూడు రాళ్లు. నేను చివరి పేరు కొట్టేసరికి జీఎం గారు చేతిలో ఒక బొప్పాయి పండుతో లోపలికి వచ్చారు. పొడుగు మనిషి. ఆ చిన్న బల్ల మీద కూర్చుంటే మోకాళ్ల మీద బొప్పాయి, దాని మీద గడ్డం ఆనాయి.

ప్రోగ్రాం నడిపించాను. తెర మీద ఒక్క ప్రశ్నగుర్తు వచ్చి నిలబడింది.

దయచేసి టోకెన్ నంబరు చెప్పండి అని అడిగే వరుస ఒకటి ఉండాలి. అదీ ఆ ధన్యవాదాల మధ్యే ఎక్కడో కూర్చుని ఉండి, వాటితో పాటు పోయింది. మర్యాదంతా ఒకే చోట పెట్టుకుంటే అంతే.

"ఏంటి ఇది అడుగుతోంది?" అన్నారు జీఎం గారు. ఆయనది కృష్ణా జిల్లా మాట.

"టోకెన్ నంబరు సార్. అది బిడియపడుతున్నది, నేను అడుగుతున్న," అన్నాను.

క్లర్కు ముందుకు వంగి, సార్‌ది టోకెన్ నంబరు ఒకటి అన్నాడు. జీఎం గారు ఒకటి కొట్టారు. యంత్రం కాసేపు వెతికి, ఇంగ్లీషు అక్షరాల్లో నేను నేర్పిన తెలుగు రాసింది: ఈ నంబరు గల మనిషి లేరు.

క్లర్కు గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి, పిల్లల బల్ల మీద కూలబడ్డాడు. నా ఉద్యోగం కూడా ఆయన పక్కనే కూలబడినట్టు అనిపించింది.

"నేను లేనా?" అన్నారు జీఎం గారు.

"మీరు బస్సుల రారు గద సార్," అన్నాను.

ఆయన తెర వంక చూశారు, బొప్పాయి వంక చూశారు. కాజీపల్లి బస్సు మనుషులు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరు. అప్పుడు గుమ్మంలోంచి తాత గొంతు సవరించుకున్నాడు.

"నేను కాదు సార్. నా కొడుకున్నడు. కాజీపల్లిల కిరాయికుంటడు. నాలుగొందల పదిహేడు వాని నంబరు."

నేను ఆ నంబరు కొట్టాను. ఒకే పేరు గల ఆ నలుగురిలో తాత కొడుకు ఒకడని నాకు అప్పటిదాకా తెలియదు. యంత్రం రాసింది. మొదట కొడుకు పేరు. పక్కనే తండ్రి పేరు. కింద కొత్త బస్సు, ఎక్కే చోటు. ఏ పరుగూ లేకుండా అలా నిలబడింది.

జీఎం గారు ఆ పేర్లను పైకి చదివి, తాత వైపు తిరిగి, ఈ రెండో పేరు నీదేనా అన్నారు. తాత చేతులు జోడించాడు. జీఎం గారు ఇంకో ఆరు నంబర్లు అడిగారు, అన్నీ సరిగ్గా వచ్చాయి. తండ్రుల పేర్లు పెట్టమని ఎవరు చెప్పారన్నారు. మా నాన్న సార్ అన్నాను. ఆయన ఏ సెక్షన్‌లో పనిచేస్తారు అని అడిగారు పాపం.

అంతా అయిపోయిందనుకుంటే క్లర్కు లేచాడు. సార్ మీద తాను రాయించిన పన్నెండు వరుసలు టైపిస్టమ్మ చెప్పకుండా తీసేసిందని, తన తప్పేమీ లేదని ఏడుపు గొంతుతో చెప్పేశాడు. ఏ వరుసలని జీఎం గారు అడిగారు. రెమ్ సంగతి, శ్రీ సంగతి, అత్తగారి సంగతి ఇంజినీరు సార్ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది.

"అంటే నన్ను పొగిడిందంతా యంత్రం చదవకుండా దాటిపోతుందా?"

"అవును సార్," అన్నారు ఇంజినీరు సార్.

"మంచి యంత్రం," అన్నారు జీఎం గారు. బొప్పాయి క్లర్కు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఉద్యోగం మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున ఆయన కాజీపల్లి వెళ్లి, కొత్త బస్సెక్కి ఫ్యాక్టరీకి వచ్చారు. కిటికీ పక్కన, తాత కొడుకు పక్కన కూర్చుని వచ్చారట. క్లర్కు దారంతా నిలబడే వచ్చాడు. దిగగానే జీఎం గారు నన్ను పిలిపించి, ఇప్పుడు నేను మీ యంత్రంలో ఉండొచ్చా అని అడిగారు. ఉండొచ్చు సార్, తండ్రి గారి పేరు కావాలి అన్నాను. చెప్పారు.

ఆ ఆదివారం జీఎం గారి కారు వెళ్లాక జరిగింది ఒకటి ముందే చెప్పాల్సింది, ఇప్పుడు చెప్తాను. తాత లోపలికి వచ్చి, తన వరుస ఇంకోసారి చూపించమన్నాడు. నేను తల వంచుకుని, పైన ఉన్న నీ పేరు నేనే తీసేసిన తాతా, తప్పయింది అన్నాను. ఆయనకు అర్థం కాలేదనుకుని మళ్లీ నాలుగొందల పదిహేడు కొట్టి చూపించాను. ఆయన వేలు తెచ్చి తన పేరు మీద పెట్టాడు. వేలు కదల్లేదు.

"పైన ఉన్నప్పుడు ఉరికేది బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల నిలవడ్డది."

ఇక నా ఉద్యోగం. పది రోజుల తర్వాత పర్సనెల్ ఆఫీసరు ఒక చిత్తుప్రతి నా బల్ల మీద పెట్టి, జల్దీ టైపు చేసియ్యమన్నాడు. చూస్తే నా పర్మనెంట్ ఉత్తర్వు. ఫ్యాక్టరీలో టైపిస్టుని నేనొక్కదాన్నే, ఇంకెవరు కొడతారు? కళ్లు మసకబారుతున్నా వేళ్లకు దారి తెలుసు. చదువు అనే గడిలో ఆయన రాసినట్టే, ఇంటి వద్ద అని కొట్టాను. తీసుకెళ్లి ఇస్తే ఆయన పైనుంచి కిందికి చదివి, మళ్లీ పైకి వచ్చి ఆగాడు. అలవాటు కొద్దీ కాగితం నెత్తిన శ్రీ పెట్టేశాను.

"ఆఫీసు కాగితం మీద గిదేందమ్మా? మల్ల కొట్టు," అన్నాడు.

అంతలో జీఎం గారి గదిలోంచి పిలుపు. ఆ కాగితమే పట్టుకుని లోపలికి వెళ్లాం. ఆఫీసరు క్షమించమని చెప్పబోతుంటే జీఎం గారు చేయి చాచి కాగితం తీసుకున్నారు. పై వరుస చూశారు. బల్ల మీద పెన్సిల్ తీసి, శ్రీ ముందు చిన్నగా మూడక్షరాలు రాశారు: రెమ్. తర్వాత పెన్ను తీసి కింద సంతకం పెట్టారు.